పడవకు ముందర తలుపు

లారీ బాడీలు కట్టేవాడి చేతికి పడవ పని అప్పజెబితే ఏమవుతుందో మా ఆవిడ వెంకటరత్నమ్మ ముందే చెప్పింది. ఆమె మాట నేను వినలేదు. పెళ్ళయినప్పటినుంచీ వినడం లేదు, కొత్తగా ఇప్పుడేం వింటాను? పుంగనూరులో రఫీక్ షెడ్డు ముందు నిలబడి, అతను తయారు చేసిపెట్టిన వస్తువును చూస్తున్నప్పుడు మాత్రం, ఈ ఒక్కసారి విని ఉంటే ఒక బీపీ మాత్రయినా మిగిలేది కదా అనిపించింది.

మూడడుగుల పొడవున్న రేకు పడవ. అతుకు కనబడకుండా వెల్డింగ్ చేశాడు, కాదనను. కానీ ముందువైపు కొసదేరి ముక్కులా ఉంది. వెనకవైపు, అచ్చం లారీకి ఉన్నట్టే, కిందికి వాలే తలుపు ఉంది. దానికి రెండు గొలుసులు, ఒక కొక్కెం. ఇవి చాలవన్నట్టు అడుగున ఒక గుండ్రటి చట్రం వేలాడుతోంది.

"ఇదేంది రఫీక్?" అన్నాను చట్రం చూపించి.

"స్టెప్నీకి సార్."

"పడవకు స్టెప్నీ యాలప్పా!"

"రేపు చక్రాలు పెట్టమంటారేమో అని. బొమ్మ కదా, పిల్లోళ్ళు లాగాల కదా."

"పిల్లోళ్ళు లాగే బొమ్మ కాదని ఎన్నితూర్లు సెప్పినాను నీకు? సరే, అది పీకేయ్. తలుపు ముందర పెట్టమంటి కదా, ఎనక యాల పెట్టినావు?"

రఫీక్ నావైపు జాలిగా చూశాడు. యాభై దాటిన మనిషి, గడ్డం నెరిసింది. తండ్రి కాలం నుంచి అదే షెడ్డు. ఎంత చెత్త లారీ అయినా అతని చేతిలో పెళ్ళికూతురై బయటికి వస్తుందని పేరు. ఆ పేరు విని వెళ్ళే నేను మోసపోయాను.

"సార్, ఇన్నేండ్లుగా బాడీలు కడతాండాను. తలుపు ఎనకనే ఉంటాది. మదనపల్లి మార్కెట్టుకు పోయి సూడండి, టమాటా లారీలు రివర్సులో వచ్చి ఆనించి దించుకుంటాయి. మీ పడవ కూడా రివర్సులో గట్టుకు వస్తాది, అంతే."

"రాదు! ముందరికే వస్తాది. ఇసకలోకి మూతి పెట్టి ఎక్కుతాది. ఆ మూతే తలుపు. అది కిందికి పడితే దాని మింద నడిసి దిగుతారు."

"ముందర తలుపు పెడితే నీళ్ళు లోపలికి రావా సార్?"

"వస్తాయప్పా! వస్తాయి కాబట్టే ఇంత గోల!"

నా అరుపుకు షెడ్డులో వెల్డింగ్ ఆగిపోయింది. రఫీక్ బెదరలేదు. "నీళ్ళు లోపలికి వచ్చే పడవ ఎవురు సేస్తారు సార్?" అన్నాడు నెమ్మదిగా, పిచ్చివాడికి నచ్చజెప్పినట్టు.

ఆ మాట అడిగినవాళ్ళలో రఫీక్ మొదటివాడు కాదు. కుప్పంలో ఒక వీధి వీధంతా అదే అడిగింది. వాళ్ళ నోరు మూయించడానికే నేను ఈ బొమ్మ మొదలుపెట్టాను.

నా సంగతి కొంచెం చెప్పాలి. కురబలకోట దగ్గర వేరుశనగ చేలల్లో, గొర్రెల మధ్య పుట్టినవాణ్ణి నేను. మోకాలి లోతు నీళ్ళు ఒక్కచోట నిలబడితే జనం చూడటానికి వచ్చే నేల మాది. అలాంటివాణ్ణి పోయి నౌకాదళంలో చేరాను. పదిహేనేళ్ళలో ఎక్కువ భాగం లాండింగ్ క్రాఫ్ట్ మీదే పనిచేశాను. రేవు లేని ఒడ్డుకు సైనికులనూ ట్యాంకులనూ చేర్చే పడవ అది. తుపాను వస్తే అదే పడవ బియ్యం మూటలు మోస్తుంది. అందంగా ఉండదు, ముక్కు ఉండదు, రెండువైపులా మనిషిని మించిన గోడలు, ముందర పెద్ద తలుపు. ఈ మాట చెప్పినప్పుడల్లా మా మదనపల్లిలో జనం తలలు ఊపి, నేను లేచి వెళ్ళాక నవ్వుకుంటారు. అది నాకు తెలుసు.

వెంకటరత్నమ్మ పుట్టిల్లు కుప్పం. ఆ వీధిలో అందరికీ నేను అల్లుణ్ణి. ఆ వరసలోనే ఆషాఢంలో ఒకనాడు చౌడమ్మ అనే ముసలామె బస్సులు మారుకుంటూ ఒంటరిగా మా ఇంటికి వచ్చింది. ఆమె మనవడు నవీన్. తల్లీ తండ్రీ చిన్నప్పుడే పోతే పట్టుపురుగులు మేపి, మల్బరీ ఆకు మోసి వాణ్ణి పెంచింది. వాడూ నాలాగే నౌకాదళంలో చేరాడు. రెండేళ్ళ క్రితం తుపానుకు మునిగిన ఒక దీవికి బియ్యం తీసుకుపోతూ, అలకు కొట్టుకుపోయాడు. ఎవరి తప్పూ కాదు, సముద్రం అలాంటిది. శవం దొరకలేదు.

శవం లేని చావును ఊరు ఊరికే వదిలిపెడుతుందా? గోడలున్న పడవలోకి నీళ్ళెట్లా వస్తాయి, మనిషి ఎట్లా పడతాడు, దూకి ఉంటాడు అన్నారు. ఎందుకు దూకాడో కూడా వాళ్ళే చెప్పారు. ఏదో పిల్ల సంగతి అని ఒకరు, అప్పులని ఒకరు. చివరికి చౌడమ్మ పెద్దకొడుకు మునెప్ప, అంటే నవీన్‌కు సొంత పెదనాన్న, అదే నమ్మాడు. వాళ్ళ ఇళ్ళల్లో పెద్దల అమావాస్యనాడు పోయినవాళ్ళకు కొత్తబట్టలు పెట్టి, ఇష్టమైనవి వండి ఆకేస్తారు. కిందటేడు నవీన్ బట్టలు పెట్టనివ్వలేదు మునెప్ప. దూకి చచ్చినవాణ్ణి పెద్దల్లో కలపకూడదన్నాడు.

"అల్లుడా, ఆ పడవ ఎట్లుంటాదో నాకు సూపిచ్చు," అంది చౌడమ్మ మా వరండాలో కూర్చుని. "గోడ ఎంత ఎత్తు? వాడు యాడ నిలబడినాడు? యాడనుంచి పోయినాడు? నాకు సూడాల. మునెప్పకు సూపియ్యాల."

నేను ఫోనులో బొమ్మలు తీసి చూపించాను. ఆమె మొహం తిప్పేసుకుంది.

"ఫోన్లో దయ్యాలు కూడా ఉంటాయప్పా. మునెప్ప నమ్మడు. సేత్తో పట్టుకుని సూసేది కావాల."

నవీన్‌తో పనిచేసిన కుర్రాడి నెంబరు కనుక్కుని మాట్లాడాను. ఒడ్డు దగ్గరపడి తలుపు దించుతుంటే నవీన్ తలుపు పక్కనే ఉన్నాడట, మూటలు తడవకుండా టార్పాలిన్ పట్టా సర్దుతూ. అప్పుడొచ్చింది అల. నాకు అర్థం కావడానికి అంతకంటే చెప్పక్కర్లేదు. చౌడమ్మకు అర్థం కావాలంటే ఆ పడవ, ఆ ఒడ్డు, ఆ అల అన్నీ ఒక బల్లచెక్క మీద ఉండాలి. అసలు పడవలో ఒక అడుగుకు బొమ్మలో అర అంగుళం అని లెక్క వేసుకున్నాను. దీన్ని డయోరమా అంటారని వెంకటరత్నమ్మకు చెబితే, "బొమ్మల కొలువు అని సెప్పు, పోతుంది," అంది.

మొదట థర్మాకోల్‌తో నేనే చేశాను. అతికించడానికి వేసిన జిగురు థర్మాకోల్‌ను తినేసింది. రాత్రి పడవ ఉండింది, పొద్దునకు ఎలుకలు కొరికిన ఇడ్లీలా ఉంది. ఇసక కోసం చెక్క మీద బొంబాయి రవ్వ పరిచాను. రంగు, పలుకు అన్నీ సరిగ్గా కుదిరాయి. మర్నాటికి చీమలు కూడా సరిగ్గా కుదిరాయి. ఒక దళం కాదు, మూడు దళాలు, మూడు వైపుల నుంచీ ఒడ్డును ఆక్రమించాయి.

"ఉప్మా సేసుకునే రవ్వను నేలపాలు సేస్తివి," అని వెంకటరత్నమ్మ దాన్ని చెక్కతో సహా ఎత్తి పెరట్లో పెట్టింది. "నువ్వు సేసే సముద్రానికి మా ఇల్లే దొరికిందా? రేకు పని తెలిసినోని దగ్గరికి పో. లారీలోళ్ళ దగ్గరికి మటుకు పోవద్దు."

నేను పోయింది లారీలవాళ్ళ దగ్గరికే. అదీ కథ.

ఇక పుంగనూరు షెడ్డుకు వద్దాం. రఫీక్‌కు అప్పటిదాకా నేను అసలు సంగతి చెప్పలేదు. ఎందుకు చెప్పాలి, డబ్బులిస్తున్నాను, చెప్పినట్టు చేస్తే చాలదా అనుకున్నాను. ఆరోజు మాత్రం కోపంలో మొత్తం కక్కేశాను.

"నువ్వు తలుపు ఎనక పెడితే, ముందర గోడ ఉంటే, ఆ పిలగాడు దూకినట్టే లెక్క రఫీక్! మునెప్ప సెప్పిందే నిజమైపోతాది. ఆ ముసలామె రెండేండ్లుగా ఒక్కటే అడగతాండాది, వాడు యాడనుంచి పోయినాడని. ముందర తలుపు లేకుంటే నేను ఏమని సెప్పేది?"

రఫీక్ జేబులోంచి చేతిగుడ్డ తీసి మెడ తుడుచుకున్నాడు. తర్వాత గ్రైండర్ అందుకుని, ఎంతో ముచ్చటపడి చేసుకున్న ఆ ముక్కును నా ఎదురుగానే కోసేశాడు. నిప్పురవ్వలు నా చెప్పుల దాకా వచ్చాయి.

"యా అల్లా, ముందే సెప్పుంటే ఈ ముక్కు చేసేదానికి నేను పడిన కష్టం మిగిలేది కదా సార్," అన్నాడు.

అది నిజమే. ఒప్పుకోవడం నాకు ఇష్టం లేదు కాబట్టి టీ తాగుదాం రమ్మన్నాను.

మళ్ళీ వారం వెళ్ళేసరికి తలుపు ముందరికి వచ్చింది. మడతబందులు చక్కగా కుదిరాయి, గొలుసులు వదిలితే తలుపు మెత్తగా కిందికి వాలుతోంది. నా మొహంలో నవ్వు పుట్టబోయింది. అప్పుడు కనబడింది, తలుపు పైఅంచున బయటివైపు ఆ లారీ కొక్కెం.

"ఇది తీసెయ్ రఫీక్. అసలు పడవకు ఈ కొక్కెం ఉండదు."

"తలుపుకు కొక్కెం లేకుండా నా షెడ్డులోనుంచి ఒక్క బండీ పోలా సార్. మా నాయిన పెట్టిన నియమం. దార్లో తలుపు తెరుసుకుంటే ఎవురి ప్రాణానికి వస్తాదో."

"ఇది దార్లో పోయే బండి కాదు!"

"మదనపల్లి నుంచి కుప్పం దాకా బస్సులోనే కదా సార్ పోయేది."

"తీసెయ్ అంటి కదా."

"సరే సార్."

ఇంత తేలిగ్గా ఒప్పుకున్నాడంటే అనుమానించాల్సింది. కానీ అదే సమయానికి రంగులు వేసే హమీద్ డబ్బాలతో వచ్చాడు. పడవకు రెండువైపులా పెద్ద కళ్ళు వేద్దామా, వెనకాల పూలతీగ వేద్దామా అని అడిగాడు. బూడిదరంగు తప్ప ఇంకేం వద్దన్నాను. బూడిదరంగు బండిని తన జన్మలో చూడలేదని, దిష్టి తగులుతుందని, కనీసం నల్లతాడైనా కడతానని బతిమాలాడు. అతనితో తగువులో కొక్కెం సంగతి మరచిపోయాను.

ఇంటి దగ్గర అల కుదరక నా ప్రాణం తీస్తోంది. అట్టముక్కలతో చేస్తే గోడలా ఉంది, ప్లాస్టిక్ కవరుతో చేస్తే ప్లాస్టిక్ కవరులానే ఉంది. విసిగి పడుకున్న మధ్యాహ్నం వెంకటరత్నమ్మ దీపాల వత్తులు చేసుకునే పత్తి తీసుకుని కూర్చుంది. నేను లేచేసరికి ఒడ్డు మీదికి విరుచుకుపడుతున్న అల ఒకటి నీలిరంగు చెక్క మీద నిలబడి ఉంది. వేళ్ళతో పీకి, గంజిలో ముంచి, పైన నురుగుకోసం విడిపత్తి పెట్టింది.

"నీకెట్ల తెలుసే అల ఎట్లుంటాదో?"

"వైజాగులో ఆరేండ్లు కాపరం సేస్తిమి. నువ్వు పడవెక్కి పోయిన దినమల్లా నేను సూసింది దాన్నే కదా," అంది.

స్కేలు తెచ్చి కొలిచి, అల ఎత్తు అర అంగుళం ఎక్కువైందన్నాను. నోరు మూసుకోమంది.

పెద్దల అమావాస్య ముందురోజు పొద్దున్నే అట్టపెట్టెలో చెక్క, అల, ఇసకతో బయల్దేరాను. ఈసారి ఇసక అసలు ఇసకే, జల్లెడ పట్టింది. పుంగనూరు బస్టాండులో రఫీక్ పాతగుడ్డలో చుట్టిన పడవను నా ఒళ్ళో పెట్టాడు. విప్పి చూద్దామంటే కండక్టరు తొందరపెట్టాడు. ఆపైన ఒకామె తన కూరగాయల బుట్ట నా పెట్టె మీద పెట్టి, "బరువేం లేదులే అప్పా," అంది. ఇంకొకాయన ఇది ఏసీ మిషనా అని అడిగాడు. పడవ అన్నాను. కుప్పంలో నీళ్ళెక్కడున్నాయని నవ్వాడు. పలమనేరులో బస్సు మారేటప్పుడు పెట్టెను టాపు మీద వెయ్యమన్నారు. నేను వెయ్యనన్నాను. నౌకాదళంలో నేర్చుకున్న తిట్లలో మర్యాదైనవి రెండు వాడాక లోపలే పెట్టుకోనిచ్చారు.

చౌడమ్మ ఇంటికి చేరేసరికి వరండా నిండా జనం. మునెప్ప స్తంభానికి ఆనుకుని చేతులు కట్టుకుని ఉన్నాడు. పొలంపని మనిషి, మాట తక్కువ, మొండి ఎక్కువ. చెక్కను కింద పెట్టి, అల నిలబెట్టి, పడవ గుడ్డ విప్పాను. ఆ వెధవ కొక్కెం అక్కడే ఉంది. పడవతోపాటు దానికీ బూడిదరంగు పూశారు. పైగా వెనకాల కనబడకుండా నల్లతాడు కట్టారు. ఆ క్షణంలో రఫీక్, హమీద్ నా ఎదురుగా ఉండాల్సింది. లేరు కాబట్టి బతికిపోయారు.

చౌడమ్మ నేలమీద చతికిలబడింది. చేత్తో గోడ తడిమింది. లోపల తీగకు గుడ్డచుట్టి నేను చేసిన మనిషిబొమ్మ ఉంది, మూడంగుళాలకు తక్కువ.

"ఇది వాడా?"

"ఔనవ్వా. అంతే ఉంటాడు ఆ పడవలో."

ఆమె బొమ్మను గోడ పక్కన నిలబెట్టింది. గోడ దానికి తలమీదికి వచ్చింది. వరండాలో గుసగుస మొదలైంది. "ఇంత గోడుంటే ఎట్ల పడతాడు?" అని ఎవరో అననే అన్నారు. మునెప్ప ఔనన్నట్టు తల పంకించాడు. ఇన్నాళ్ళూ పడిన పాట్లు ఈ ఒక్క నిమిషం కోసమే.

నేను కొక్కెం తప్పించి గొలుసులు వదిలాను. ముందర తలుపు మెల్లగా ఇసక వైపు వాలింది. పడవ నోరు తెరుచుకుంది. బొమ్మను తీసి తలుపు పక్కన నిలబెట్టాను.

"వాడు ఈడ ఉండాడు. బియ్యం తడవకుండా పట్టా సర్దతాండాడు. తలుపు దిగతాంది."

"ముందర తలుపు యాల పెట్టినారు?" అన్నాడు మునెప్ప. "నీళ్ళు రావా?"

మళ్ళీ అదే ప్రశ్న! ఒళ్ళు మండిపోయింది. పుంగనూరు నుంచి కుప్పం దాకా అడగడానికి ఈ మనుషులకు ఇంకో మాట దొరకదా? నేను నోరు తెరిచేలోపల చౌడమ్మే అంది.

"వస్తాయి రా. అందుకే వాడు పోయినాడు."

ఆమె వెంకటరత్నమ్మ చేసిన అలను రెండు చేతులతో పట్టుకుని, తలుపు దాకా జరిపింది. పత్తినురుగు తలుపు దాటి బొమ్మ నడుం దాకా వచ్చింది. బొమ్మ పక్కకు ఒరిగింది. ఆమె దాన్ని పడనివ్వలేదు, పట్టుకుంది.

"సూస్తివా మునెప్పా. గోడెక్కలా వాడు. దూకలా. పని సేస్తాండాడు."

మునెప్ప స్తంభం వదిలి వచ్చి తల్లి పక్కన కూర్చున్నాడు. వేలితో తలుపును ఒకసారి పైకెత్తి, మళ్ళీ దించి చూశాడు. ఇంకోసారి ఎత్తి దించాడు. అతని కళ్ళల్లో నీళ్ళు వచ్చాయి. తుడుచుకోలేదు.

చౌడమ్మ అలను వెనక్కి, చెక్క చివరిదాకా నెట్టేసింది. బొమ్మను పడవలో బాగా లోపలికి, వెనక గోడకు ఆనించి కూర్చోబెట్టింది. తలుపు ఎత్తి మూసింది. మూసి, పైనున్న కొక్కెం చూసి, దాన్ని తగిలించింది. గట్టిగా లాగి చూసుకుంది. తలుపు కదల్లేదు.

అసలు పడవకు ఆ కొక్కెం ఉండదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. ఉండి ఉంటే ఎంత బాగుండేదో అనిపించి ఏడుపొచ్చింది.

మునెప్ప లేచి చెప్పులేసుకున్నాడు.

"అమ్మా, అంగడి మూసేస్తారు. రేపటికి వానికి పంచె తెచ్చేదా, ప్యాంటు తెచ్చేదా?"

"ప్యాంటే తే," అంది చౌడమ్మ, చెయ్యి కొక్కెం మీదనుంచి తియ్యకుండా. "పంచె కట్టుకునేది వానికి ఇంకా రాదు."